అధికారం లేనివాళ్లు రాసిన చట్టాలు: బల్గేరియాలో ఒక అధ్యయన కేంద్రం

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి ఎత్తి రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

తూర్పు యూరప్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిపోయాక ఏం జరిగింది అని అడిగితే మనలో చాలామందికి వెంటనే గుర్తొచ్చేది రష్యా. యెల్త్సిన్, ప్రభుత్వ కంపెనీల్లో వాటాలు కొనుక్కోమని జనానికి పంచిన ప్రైవేటీకరణ వోచర్లు, చూస్తుండగానే చమురు కంపెనీలకు యజమానులైపోయిన కొద్దిమంది. ఇంకాస్త చదివినవాళ్లు పోలండ్ పేరు చెబుతారు, దేశాన్ని ఒక్కసారిగా మార్కెట్ వైపు తిప్పడానికి 1990 జనవరి 1న మొదలైన బల్త్సెరోవిచ్ ప్రణాళిక గురించి చెబుతారు. బల్గేరియా పేరు ఎవరూ ఎత్తరు. నేను ఈ రోజు బల్గేరియా గురించే, ప్రభుత్వం బయట ఉండి అక్కడ చట్టాల ముసాయిదాలు రాసిన ఒక అధ్యయన కేంద్రం గురించే మాట్లాడతాను. మన హైదరాబాద్ నగరమంత జనాభా కూడా లేని దేశం అది. 1989లో 90 లక్షల దాకా ఉండేవాళ్లు. 2021 జనాభా లెక్కల్లో 65 లక్షలకు పడిపోయారు. పుట్టేవాళ్లు తగ్గారు, బతుకుతెరువు వెతుక్కుంటూ జర్మనీకో స్పెయిన్‌కో పోయేవాళ్లు పెరిగారు. సంస్కరణ అరకొరగా జరిగితే జనం ఏం చేస్తారు? ఓటు వేసి వేసి విసిగి, చివరికి సూట్‌కేసు సర్దుకుంటారు.

మా తరంవాళ్లకు ఆ దేశాల గురించి తెలిసిందల్లా విశాలాంధ్ర దుకాణంలో దొరికే సోవియట్ తెలుగు పుస్తకాల వల్లే. చాలా మంచి పుస్తకాలు, చాలా తక్కువ ధర. అవి చదివి పెరిగినవాళ్లం కాబట్టి, ఆ వ్యవస్థ పడిపోయినప్పుడు మనకు రెండే ప్రశ్నలు కనిపించాయి. పడిపోవడం మంచిదా, చెడ్డదా? సోషలిజమా, మార్కెట్టా? ఆ చర్చ మన దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. నడవనివ్వండి. నేను అడిగేది వేరే ప్రశ్న. వ్యవస్థ పడిపోయింది సరే, మర్నాడు పొద్దున ఒకాయన చిన్న కొట్టు పెట్టుకోవాలనుకున్నాడు. ఎక్కడ రిజిస్టర్ చేసుకోవాలి? అప్పు ఎగ్గొట్టినవాడి మీద ఏ చట్టం కింద కేసు వేయాలి? అధికారి లంచం అడిగితే ఎవరికి చెప్పుకోవాలి? ఈ ప్రశ్నలకు జవాబు ఎవరు రాస్తారు?

బల్గేరియాలో 35 ఏళ్లు పార్టీని నడిపిన తోదోర్ జివ్‌కోవ్ 1989 నవంబర్ 10న దిగిపోయాడు. 1991 ఫిబ్రవరి 1న ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. అదే ఏడాది జూలైలో కొత్త రాజ్యాంగం, కొత్త వాణిజ్య చట్టం. వినడానికి చకచకా జరిగిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ వాణిజ్య చట్టంలోకి దివాలా అధ్యాయం ఎప్పుడు వచ్చిందో తెలుసా? 1994లో. అంటే మూడేళ్ల పాటు కంపెనీ పెట్టడానికి చట్టం ఉంది, మునిగిన కంపెనీని మూసి అప్పులవాళ్లకు పంచే దారి మాత్రం లేదు. ఆ మూడేళ్లలో అప్పులు ఎవరు తీసుకున్నారు? బ్యాంకు లోపలివాళ్లకు దగ్గరివాళ్లు. వాళ్లకు ఆ దేశంలో ఒక పేరే పడింది, ‘క్రెడిట్ మిలియనీర్లు’ అని. అప్పు తీసుకుని, తిరిగి కట్టకుండా లక్షాధికారులైనవాళ్లు అన్నమాట.

ఇంకొక సంగతి చెబుతాను, ఇది వింటే చట్టం లేని మార్కెట్ ఎలా ఉంటుందో కళ్లకు కడుతుంది. కమ్యూనిస్టు కాలంలో బల్గేరియా కుస్తీకి, వెయిట్ లిఫ్టింగ్‌కి ప్రసిద్ధి. ప్రభుత్వమే క్రీడాకారులను పోషించేది. డబ్బు ఆగిపోయింది. కండబలం ఉంది, పని లేదు. ఉద్యోగాలు పోయిన పోలీసులు కొందరు తోడయ్యారు. వీళ్లు కాపలా సంస్థలు పెట్టారు. ప్రభుత్వం వాటి లైసెన్సుల మీద గట్టిగా పట్టు బిగించేసరికి, అవే సంస్థలు ఇన్సూరెన్స్ కంపెనీలుగా బోర్డు మార్చాయి. కొట్టు అద్దం మీద ఒక స్టిక్కర్, కారు అద్దం మీద ఒక స్టిక్కర్. స్టిక్కర్ ఉన్న కారును ఎవరూ ముట్టుకోరు. స్టిక్కర్ లేని కారు తెల్లారేసరికి ఉండదు. పాలసీ కాగితం ఉంది, ప్రీమియం ఉంది, రసీదు కూడా ఉంది. చూడటానికి అచ్చం మార్కెట్టే! 1990ల చివర్లో ఇన్సూరెన్స్ లైసెన్సులను కొత్తగా పరిశీలించాకే ఆ వ్యాపారం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా రాజధాని సోఫియాలో మామూలు కొట్టువాడికి ‘స్వేచ్ఛా మార్కెట్’ అంటే ఆ స్టిక్కరే.

ఇక 1996, 97. పద్నాలుగు బ్యాంకులు మూతపడ్డాయి. వాళ్ల కరెన్సీ పేరు లెవ్. 1995 చివర్లో డాలరుకు 70 లెవ్‌లు ఉంటే, 1997 ఫిబ్రవరిలో 3,000 దాకా పోయింది. ఆ ఒక్క ఫిబ్రవరి నెలలో ధరలు 242 శాతం పెరిగాయి. ఏడాదిలో కాదండీ, ఒక్క నెలలో. జీవితాంతం దాచుకున్న డబ్బు రొట్టెలకు చాలకుండా పోయింది. అదే ఏడాది జనవరి 10న జనం పార్లమెంటు మీదికి వెళ్లారు. జూలై 1న తమ కరెన్సీని జర్మన్ మార్కుకు కట్టేశారు, వెయ్యి లెవ్‌లకు ఒక మార్కు లెక్కన. ఇక ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు నోట్లు కొట్టడానికి వీల్లేదు. ద్రవ్యోల్బణం దిగొచ్చింది. మంచి నిర్ణయమే. కానీ డబ్బు విలువ నిలబెట్టినంత మాత్రాన కోర్టు నిలబడదు, రిజిస్టర్ నిలబడదు.

ఇక్కడికి వచ్చేసరికి అసలు కథ. సెంటర్ ఫర్ ది స్టడీ ఆఫ్ డెమోక్రసీ. సీఎస్‌డీ అందాం. 1989 చివర్లో, అంటే జివ్‌కోవ్ దిగిపోయిన కొద్ది రోజులకే, సోఫియాలో పెట్టారు. ఒగ్న్యాన్ షెంతోవ్ దాన్ని మొదటి నుంచీ నడిపించినవాడు. న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు ఒక పక్క, ఆర్థికశాస్త్రం తెలిసినవాళ్లు ఒక పక్క, సర్వేలు చేసేవాళ్లు ఒక పక్క. సర్వేల విభాగానికి సోఫియా పక్కనున్న కొండ పేరే పెట్టుకున్నారు, విటోషా రీసెర్చ్ అని. ఈ మూడూ ఒకే కప్పు కింద ఉండటమే వాళ్ల బలం అని నేను అనుకుంటాను. వకీళ్లు ఒక్కళ్లే కూర్చుంటే అందమైన చట్టం రాస్తారు, అది ఎవరికి అవసరమో వాళ్లకు తెలియదు. ఆర్థికవేత్తలు ఒక్కళ్లే కూర్చుంటే ఏం మార్చాలో చెబుతారు, సెక్షన్ రాయలేరు. సర్వే ఒక్కటే ఉంటే పేపర్లో ఒకరోజు వార్త అవుతుంది, అంతే.

వాళ్లొక్కళ్లే అని కాదు. 1993లో వచ్చిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ మార్కెట్ ఎకనామిక్స్ ఉంది, పన్నుల మీద గట్టిగా పనిచేసింది. బల్గేరియాలో ఆదాయపు పన్ను అందరికీ ఒకటే పది శాతం అన్న పద్ధతి 2008లో వచ్చిందంటే దాని వెనక వాళ్ల వాదన ఉంది. ఆ పద్ధతి పేదవాడికి మంచిదా కాదా అన్నది వేరే చర్చ, నాకు అభ్యంతరాలు ఉన్నాయి. ఈ రోజు దాని జోలికి పోను.

సీఎస్‌డీ చేతిలో అధికారం లేదు. ఓటు లేదు, సంతకం లేదు. మరి ఏం చేయగలరు? ముసాయిదా సిద్ధంగా పెట్టుకోగలరు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కదా? కాదండీ. ఏ ప్రభుత్వమైనా సరే, సంస్కరణ గురించి ఆలోచించేది నెత్తిమీదికి వచ్చినప్పుడే. యూరోపియన్ యూనియన్ నుంచి ఒత్తిడి వచ్చినప్పుడో, కుంభకోణం బయటపడినప్పుడో. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు. ఆ రోజు ఎవరి దగ్గర రాసి పెట్టిన కాగితం ఉంటే వాళ్ల కాగితమే బల్ల మీదికి వెళ్తుంది. ఎలక్ట్రానిక్ సంతకాల చట్టం అలాగే వచ్చింది. ముసాయిదా మీద సీఎస్‌డీ బృందం ముందే కూర్చుంది, 2001లో పార్లమెంటు చట్టం చేసింది. మన ఐటీ చట్టం 2000లో వచ్చింది, గుర్తు చేసుకోండి. మనకంటే ఒక్క ఏడాది వెనక.

అంబుడ్స్‌మన్ సంగతి ఇంత సులువుగా జరగలేదు. అది చెప్పుకోవాల్సిన కథ. మనకు లోకాయుక్త తెలుసు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983 చట్టంతో వచ్చింది. కాబట్టి పౌరుడు నేరుగా వెళ్లి ఫిర్యాదు చేసుకునే ఒక పెద్దమనిషి అన్న ఊహ మనకు కొత్త కాదు. బల్గేరియాలో అది పూర్తిగా కొత్త. 1998లో సీఎస్‌డీ నిపుణులను కూర్చోబెట్టింది. ఏ దేశంలో ఎలా ఉందో చూశారు, ఒక నమూనా అనుకున్నారు, ముసాయిదా రాశారు. చట్టం ఇప్పుడప్పుడే రాదని తెలిసి, జాతీయ చట్టం కోసం కూర్చోకుండా కొన్ని పురపాలికల్లో స్థానికంగా ప్రజా మధ్యవర్తులు పనిచేసేలా ప్రోత్సహించారు. చూడండి, ఇది ఎంత తెలివైన పనో. పార్లమెంటులో ‘అంబుడ్స్‌మన్ మన దేశానికి నప్పదు’ అని ఎవరైనా లేస్తే, ‘అయ్యా, ఫలానా ఊళ్లో పనిచేస్తున్నాడు, వెళ్లి చూడండి’ అని చెప్పొచ్చు.

చట్టం 2003 మేలో వచ్చింది. ఐదేళ్లు! 2004 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయిపోయిందా? లేదు. పార్టీలకు ఒక పేరు మీద ఏకాభిప్రాయం కుదరలేదు. ఏడాదికి పైగా ఆ కుర్చీ ఖాళీ. 2005 ఏప్రిల్‌లో గిన్యో గానెవ్ మొదటి అంబుడ్స్‌మన్ అయ్యాడు. 2006లో రాజ్యాంగాన్ని సవరించి, పౌరుల హక్కులకు భంగం కలిగించే చట్టం మీద రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లే అధికారం కూడా ఆ పదవికి ఇచ్చారు. 1998లో నలుగురు కూర్చుని అనుకున్న మాట ఎనిమిదేళ్లకు రాజ్యాంగంలోకి ఎక్కింది. ఈ మధ్యలో ప్రభుత్వాలు ఎన్ని మారాయి? 1998లో ఇవాన్ కొస్తోవ్ నాయకత్వంలో కమ్యూనిస్టు వ్యతిరేకుల ప్రభుత్వం. 2003లో ప్రధానమంత్రి ఎవరో తెలుసా? మాజీ రాజు సిమెయోన్, చిన్నపిల్లాడిగా దేశం విడిచి వెళ్లి, యాభై ఏళ్ల తర్వాత ఎన్నికల్లో గెలిచినవాడు. 2006లో పాత కమ్యూనిస్టు పార్టీ వారసులైన సోషలిస్టుల నాయకత్వంలో కూటమి. ముగ్గురూ మూడు రంగులు. ముసాయిదా మాత్రం అదే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం. కంపెనీల రిజిస్టర్. నవ్వకండి, ఇందులో చాలా ఉంది.

2008కి ముందు బల్గేరియాలో కంపెనీ పెట్టాలంటే జిల్లా కోర్టుకు వెళ్లాలి. 28 జిల్లా కోర్టులు, 28 రిజిస్టర్లు. కంపెనీ పెట్టడం అంటే ఒక కేసు వేసినట్టే. కంపెనీకొక కాగితాల కట్ట. జడ్జి చూసి ఉత్తర్వు ఇవ్వాలి. డైరెక్టర్ మారినా, చిరునామా మారినా మళ్లీ కోర్టుకే. సరే, పెట్టారు అనుకోండి. బ్యాంకు లోను కావాలి. బ్యాంకు ఏమంటుంది? ‘ప్రస్తుత స్థితి’ ధ్రువపత్రం తెమ్మంటుంది, అంటే ఈ కంపెనీ ఇంకా బతికే ఉంది, దీని మేనేజర్ ఫలానా ఆయనే అని కోర్టు ఇచ్చే కాగితం. టెండర్ వేయాలి? ఆ కాగితమే. లైసెన్సు కావాలి? మళ్లీ ఆ కాగితమే, అదీ కొత్తగా తీసింది. ప్రభుత్వ ఆఫీసు ఒకటి, ప్రభుత్వ కోర్టు నుంచి కాగితం తెచ్చి చూపించమని పౌరుడిని తిప్పుతుంది. మనలో ఎవరైనా పొలం కొనడానికి ఈసీ కోసం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగి ఉంటే, ఇది వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర రిజిస్ట్రేషన్ల శాఖలో 1998లో ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎంత తేడా కనిపించిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

తిప్పట ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. కాగితాల కట్టలో ప్రమాదం ఇంకోటి ఉంది. కంపెనీల దొంగతనం. అవును, మీరు విన్నది నిజమే. వాటాదారుల సమావేశం జరిగిందని దొంగ మినిట్స్ రాసి, దొంగ సంతకాలతో కోర్టులో వేస్తారు. మేనేజర్ పేరు మారిపోతుంది. అసలు యజమానికి తెలిసేసరికి కంపెనీ ఆస్తులు చేతులు మారి ఉంటాయి. ఎందుకు తెలియదు? రిజిస్టర్ ఎవరికీ కనిపించదు కాబట్టి. తన కంపెనీ గురించి కోర్టు కట్టలో ఈ రోజు ఏం ఎక్కిందో రోజూ వెళ్లి చూసేవాడు ఎవడు?

సీఎస్‌డీ వాదన ఏమిటంటే, రిజిస్టర్ తీర్పు కాదు, సమాచారం. జడ్జి పని తగాదా తీర్చడం, చిరునామా రాసుకోవడం కాదు. కాబట్టి దీన్ని కోర్టుల నుంచి తీసి, దేశం మొత్తానికి ఒకటే ఎలక్ట్రానిక్ రిజిస్టర్ పెట్టండి, ఇంట్లో కూర్చుని ఎవరైనా చూసుకునేలా పెట్టండి. వినడానికి ఎవరికి అభ్యంతరం ఉంటుంది? కానీ కోర్టులకు అందులో ఫీజుల రాబడి ఉంది. కాగితం కదిలించి పెట్టి బతికేవాళ్లు ఉన్నారు. ఏళ్లు పట్టింది. 2006లో వాణిజ్య రిజిస్టర్ చట్టం వచ్చింది, 2008 జనవరి 1న కొత్త రిజిస్టర్ మొదలైంది. న్యాయశాఖ కింద రిజిస్ట్రీ ఏజెన్సీ దాన్ని చూసుకుంటుంది. ప్రతి కంపెనీకి ఒక గుర్తింపు సంఖ్య. ఆ సంఖ్య చెబితే చాలు, ఏ ప్రభుత్వ ఆఫీసైనా రిజిస్టర్ తానే చూసుకోవాలి, ‘కాగితం తే’ అనకూడదు.

అంతా సవ్యంగా అయిపోయిందా? పాత కంపెనీలన్నీ కొత్త రిజిస్టర్‌లోకి మారాలి, గడువు సరిపోలేదు, పొడిగించారు. 2018 ఆగస్టులో ఆ రిజిస్టర్ కంప్యూటర్లు పాడై రెండు వారాలకు పైగా ఆగిపోయింది. దేశంలో కంపెనీల వ్యవహారాలు స్తంభించాయి. కొత్త కంపెనీ పెట్టలేరు, వాటాలు మార్చలేరు. ఎంత గొడవ అయిందో! నేను దాన్ని ఇంకో వైపు నుంచి చూస్తాను. పదేళ్లలో ఆ రిజిస్టర్ ఎంత అవసరమైపోయిందంటే, రెండు వారాలు లేకపోతే దేశం ఊపిరాడక కొట్టుకుంది. పాత కోర్టు కట్టలు రెండు వారాలు కనబడకపోతే ఎవరికైనా తెలిసేదా?

సరే, ఇంకో పని. కొలవడం. అవినీతి ఉందని అందరికీ తెలుసు. మంత్రిని అడిగితే ఏమంటాడు? ‘రుజువుంటే చూపించండి, పోలీసు కేసులు ఎన్ని ఉన్నాయో చూడండి, చాలా తక్కువ’ అంటాడు. లంచం ఇచ్చినవాడు పోలీసు దగ్గరికి ఎందుకు వెళ్తాడండీ? ఇచ్చినవాడూ నేరస్థుడే కదా! కేసుల సంఖ్య అవినీతిని కొలవదు, పోలీసు పనిని కొలుస్తుంది. 1990ల చివర్లో సీఎస్‌డీ ‘కోయలిషన్ 2000’ అనే వేదికతో కలిసి వేరే పద్ధతి పట్టుకుంది. ‘అవినీతి పెరిగిందని మీరు అనుకుంటున్నారా?’ అని అడగడం మానేసింది. అలా అడిగితే నిన్నటి పేపర్లో ఏం చదివారో అదే చెబుతారు. దానికి బదులు, గడిచిన ఏడాదిలో మీతో ఏ అధికారైనా డబ్బు గానీ, కానుక గానీ, సాయం గానీ అడిగాడా? మీరు ఇచ్చారా? ఈ రెండే. మీకు జరిగింది చెప్పండి, మీ అభిప్రాయం తర్వాత. ఇలా ఏళ్ల తరబడి అడుగుతూ పోతే ఒక గీత వస్తుంది. ఆ గీత పైకి పోతోందా, కిందికి దిగుతోందా అన్నది ఏ మంత్రీ దాచలేడు. 2014లో వాళ్ల అంచనా, నెలకు లక్షన్నరకు పైగా లంచాల లావాదేవీలు. యూనియన్‌లో చేరి ఏడేళ్లయిన దేశంలో! ప్రభుత్వానికి నచ్చుతుందా ఆ అంకె? నచ్చదు. కానీ కాదనాలంటే ప్రభుత్వం కూడా ఇంకో అంకె తేవాలి. వాదన అంకెల మీదికి వచ్చిందంటే సగం గెలిచినట్టే.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న నేనే వేస్తాను. డబ్బు ఎవరిచ్చారు? న్యాయమైన ప్రశ్న. అమెరికా ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ ఇచ్చింది, కోయలిషన్ 2000కి అండగా నిలిచింది కూడా వాళ్లే. యూరోపియన్ యూనియన్ నిధులు వచ్చాయి. ఇందులో దాపరికం లేదు. అయితే విదేశీ డబ్బుతో రాసిన చట్టం మన చట్టం ఎలా అవుతుంది అని అడిగేవాళ్లు బల్గేరియాలోనూ ఉన్నారు, ఇప్పుడు మరీ ఎక్కువగా ఉన్నారు. నేను దీనికి తప్పించుకునే జవాబు ఇవ్వను. రష్యాలో ఏం జరిగిందో చూద్దాం, అప్పుడు తేడా తెలుస్తుంది.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఒక అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ ఉండేది. 1992 నుంచి యూఎస్ఎయిడ్ దానికి 4 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది, రష్యాలో ప్రైవేటీకరణకు, స్టాక్ మార్కెట్ చట్టాలకు సలహా ఇవ్వమని. ఆ పనికి పెద్దదిక్కు ఆండ్రే ష్లైఫర్, పేరున్న ఆర్థికవేత్త. మాస్కోలో చూసుకున్నది జొనాథన్ హే, వకీలు. 1997లో యూఎస్ఎయిడ్ డబ్బు ఆపేసింది. ఎందుకు? ఏ మార్కెట్‌కు సలహా ఇస్తున్నారో ఆ మార్కెట్‌లోనే పెట్టుబడులు పెట్టారన్న ఆరోపణ. 2000లో అమెరికా ప్రభుత్వం దావా వేసింది. 2004లో ఫెడరల్ జడ్జి, ఆ ఇద్దరూ ప్రభుత్వాన్ని మోసగించడానికి కుట్ర పన్నారని, హార్వర్డ్ ఒప్పందం ఉల్లంఘించిందని తేల్చాడు. 2005లో రాజీ కుదిరింది. హార్వర్డ్ 2 కోట్ల 65 లక్షల డాలర్లు కట్టింది, ష్లైఫర్ 20 లక్షలు. తప్పు ఒప్పుకోకుండానే కట్టారు. ఆ సంస్థ అప్పటికే మూతపడింది.

ఇందులో ఇద్దరు మనుషుల దురాశ ఒక్కటే చూస్తే సరిపోదు. అక్కడ పని జరిగిన తీరు చూడండి. రష్యాలో ప్రైవేటీకరణ చాలావరకు అధ్యక్షుడి ఉత్తర్వులతో నడిచింది. పార్లమెంటులో వాదించి తేల్చుకున్నది తక్కువ. సలహాదారుడు, మంత్రి, ఇద్దరూ ఒక గదిలో. గది బయట ఉన్న 15 కోట్లమందికి చేతిలో 10,000 రూబుళ్ల వోచర్ ఒకటి పెట్టారు, దాంతో ఏం చేయాలో వాళ్లకు తెలియదు. మంచి చట్టమే రాశారనుకోండి, అది ఎవరిది? ఎవరు దాన్ని కాపాడతారు?

సోఫియాలో విదేశీ డబ్బు వచ్చింది, కానీ రాసినవాళ్లు ఆ దేశంలో ఉండేవాళ్లు, రాసిన చట్టం కిందే రేపు బతకాల్సినవాళ్లు. ముసాయిదా పట్టుకుని అధికార పక్షం దగ్గరికీ వెళ్లాలి, ప్రతిపక్షం దగ్గరికీ వెళ్లాలి, విలేకరులకు చెప్పుకోవాలి, కాదన్నవాడితో మళ్లీ మళ్లీ కూర్చోవాలి. అంబుడ్స్‌మన్ చట్టానికి ఐదేళ్లు పట్టిందని ఇందాక చెప్పాను కదా. ఆ ఐదేళ్లు వృథా అని నేను అనను. ఐదేళ్లు వాదించి తెచ్చుకున్న చట్టాన్ని ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఎత్తేయలేదు.

పోలండ్ దారి ఇంకోటి. వార్సాలో 1991లో కేస్ అనే కేంద్రం పెట్టారు, పెట్టినవాళ్లలో లెషెక్ బల్త్సెరోవిచ్ దంపతులున్నారు, మారెక్ దొంబ్రోవ్‌స్కీ ఉన్నాడు, యాత్సెక్ రొస్తోవ్‌స్కీ ఉన్నాడు. దొంబ్రోవ్‌స్కీ అప్పటికే ఆర్థిక శాఖలో పనిచేసి వచ్చినవాడు. రొస్తోవ్‌స్కీ 2007 నుంచి 2013 దాకా ఆర్థిక మంత్రి. అక్కడ అధ్యయన కేంద్రానికీ మంత్రిత్వ శాఖకూ మధ్య తలుపు తెరిచే ఉండేది. పనులు వేగంగా అయ్యాయి, ఆ అనుభవాన్ని ఉక్రెయిన్‌కూ కిర్గిజ్‌స్తాన్‌కూ తీసుకెళ్లారు. నాకు మాత్రం సోఫియా పద్ధతి మీదే ఎక్కువ నమ్మకం. మంత్రి అయినవాడు తన చట్టాన్ని తానే కొలిచి, విఫలమైంది అని చెప్పగలడా? కొందరు చెప్పగలరేమో. పద్ధతి అలాంటివాళ్ల మీద ఆధారపడకూడదు.

ఇంతవరకూ చెప్పింది వింటే, అబ్బ, ఎంత బాగా చేశారో అనిపించవచ్చు. ఇప్పుడు వాళ్ల వల్ల కానిది చెబుతాను.

బల్గేరియాలో ప్రాసిక్యూషన్ వ్యవస్థ మొత్తానికి పైన ఒక ప్రధాన ప్రాసిక్యూటర్ ఉంటాడు. సోవియట్ నమూనా నుంచి వచ్చిన పదవి. కింద ఉన్న ప్రతి ప్రాసిక్యూటర్ ఆయన మాట వినాల్సిందే. మరి ఆయనే తప్పు చేస్తే? ఆయన మీద విచారణ ఎవరు చేస్తారు? ఆయన కింద పనిచేసేవాళ్లు! కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం? నికొలాయ్ కొలెవ్ అనే సీనియర్ ప్రాసిక్యూటర్ ఉండేవాడు. అప్పటి ప్రధాన ప్రాసిక్యూటర్ మీద బహిరంగంగా ఆరోపణలు చేశాడు. 2002 డిసెంబర్ 28న సోఫియాలో ఆయన్ని కాల్చి చంపేశారు. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో ఆయన కేసును కుటుంబం నడిపింది. 2009 నవంబర్‌లో తీర్పు వచ్చింది. హత్య ఎవరు చేశారో ఆ కోర్టు చెప్పలేదు, అది ఆ కోర్టు పని కాదు. ఈ వ్యవస్థలో ప్రధాన ప్రాసిక్యూటర్ మీద స్వతంత్రమైన విచారణ జరిగే అవకాశమే లేదని చెప్పింది.

2009లో చెప్పింది. విచారణకు మార్గం చూపే చట్టం ఎప్పుడు వచ్చింది? 2023 మేలో. పద్నాలుగేళ్లు. ఈ పద్నాలుగేళ్లలో నివేదికలకు కొదవా? సీఎస్‌డీ రాసింది, ఇతర సంస్థలు రాశాయి, 2007 నుంచి యూరోపియన్ కమిషన్ ప్రత్యేకంగా పర్యవేక్షించి నివేదికలు ఇస్తూనే పోయింది. 2020లో నెలల తరబడి జనం సోఫియా వీధుల్లో ఉన్నారు, ప్రధానమంత్రితో పాటు ప్రధాన ప్రాసిక్యూటర్ కూడా దిగిపోవాలని. రిజిస్టర్ మారితే పోయేది కొందరి ఫీజులు మాత్రమే, కాబట్టి ఏళ్లు పట్టినా మారింది. ఇది మారితే ఎవరి చేతిలో ఎవరి ఫైలు ఉందో, ఆ లెక్క మారిపోతుంది. అందుకే ఏ ముసాయిదా సరిపోలేదు.

2023 డిసెంబర్‌లో రాజ్యాంగాన్నే సవరించారు, ప్రాసిక్యూషన్ అధికారాలకు హద్దులు పెట్టేలా. 2024 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ సవరణల్లో ముఖ్యమైనవాటిని కొట్టేసింది, అలాంటి మార్పుకు ప్రత్యేకంగా ఎన్నుకున్న మహాసభ కావాలి, మామూలు పార్లమెంటుకు అంత అధికారం లేదని. మళ్లీ మొదటికి. 2026 జనవరి 1 నుంచి బల్గేరియాలో యూరో నడుస్తోంది. కరెన్సీ దాకా వచ్చేశారు. ప్రధాన ప్రాసిక్యూటర్‌ను ఎలా నియమించాలి, ఎవరికి జవాబుదారీ చేయాలి అన్న ముసాయిదాలు మాత్రం ఇంకా బల్ల మీద తిరుగుతూనే ఉన్నాయి.

నాకిచ్చిన సమయం దాటిపోయినట్టుంది. ప్రశ్నలు తీసుకుంటాను. లోకాయుక్త గురించి అడగాలని ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతున్న ఆ ముందు వరసలో అమ్మాయితో మొదలుపెడదాం.